పిడికెడు బియ్యం వెంట యాప్రాల్ దాకా

మనలో సికింద్రాబాద్ చూడనివాళ్లు తక్కువ. కానీ చాలామందిమి దాన్ని ఆస్పత్రి వరండాలో కూర్చొనే చూశాం. ఈసారి నేను ఎవరి జబ్బుకూ పోలేదు. మన బియ్యం ఎటు పోతున్నదో చూసి రమ్మని మా స్త్రీల సమాజం పంపితే పోయాను. శుక్రవారం పోయి సోమవారం వచ్చాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై ఒకటో ఏట వచ్చాయి కాబట్టి చుట్టు తిప్పి రాయడం చేతకాదు.

పక్క ఊళ్ల చర్చి సంఘాలవాళ్లు కూడా ఇది చదువుతారు. వాళ్ల కోసం ముందు ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్లో ముప్పై ఆరు ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తాం. వేస్తూ, ఆ బియ్యం ఎవరికి పోతుందో వాళ్ల పేరు పైకి పలుకుతాం. పేరు పలకకుండా వేస్తే కోళ్లకు వేసినట్టేనని మా అత్త అనేది. ఐదేళ్లుగా మేం పలుకుతున్న పేరు దానియేలు. మా ఊరి పిల్లవాడే. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి ఆరేళ్ల కింద పోయింది. సికింద్రాబాద్ పక్కన యాప్రాల్‌లో కొత్త సంఘం మొదలుపెడతానని అతను భార్యతో పోయినప్పుడు, ఇంటి కిరాయి నువ్వు చూసుకో, తిండి మేం చూసుకుంటాం అన్నాం. అప్పటినుంచి రెండు నెలలకొక బస్తా బస్సులో వేస్తున్నాం.

ఇప్పుడు మంజీర అవతల తండాలో ఏడు కుటుంబాలు ప్రార్థనకు కూడుకుంటున్నాయి. వాళ్లకు వాక్యం చెప్పే ఇస్సాకుకు పూట గడవడం లేదు. మన దగ్గర బస్తా ఒక్కటే. దానియేలుకు ఆపి ఇస్సాకుకు ఇవ్వాలా, వద్దా? దీని మీద మూడు బుధవారాలు పోట్లాడుకున్నాం. పట్నంలో బిర్యానీలు తినేవాళ్లకు మన బియ్యం ఎందుకని మా పక్కింటి సుందరమ్మ లేచింది. మొదలుపెట్టిన పిల్లవాణ్ణి నడిమధ్యలో వదులుతామా అని మిగతా సగం మంది లేచారు. చివరికి, దీనమ్మ పోయి చూసి ఏది చెప్తే అదే చేద్దామన్నారు. నా మాట మీద గౌరవమో, నాలుగు రోజులు నా నోరు తప్పుతుందన్న ఆశో నాకు తెలియదు.

బస్తాకు ఆధార్ లేదు

ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాను. వెంట తెచ్చిన బియ్యం బస్తాకు మాత్రం కండక్టరు డబ్బులు అడిగాడు. నేను వాదించాను. బస్తా నాది, నాకు ఉచితమైతే దానికీ ఉచితమే అన్నాను. ఆ పిల్లవాడు నవ్వకుండా, "నీకు ఫ్రీనే అవ్వా, బియ్యానికి ఆధార్ లేదు గదా" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇచ్చేశాను.

జూబ్లీ బస్‌స్టాండ్‌లో దిగితే దానియేలు రాలేదు. గంటన్నర కూర్చున్నాను. చాయ్ పదిహేను రూపాయలు, కప్పు చూస్తే మన మందు సీసా మూతంత. మన ఊళ్లో కొత్త మనిషి బస్సు దిగి పది నిమిషాలు నిలబడితే ఎవరింటికని అడుగుతారు. ఇక్కడ గంట దాకా ఎవరూ అడగలేదు. చివరికి ఊడ్చే ఆమె వచ్చి కాళ్లు పైకి పెట్టుకొమ్మంది. పెట్టుకున్నాక, ఎవరి కోసం కూర్చున్నావని అడిగింది. చెప్పాను. పది నిమిషాలకొకసారి వచ్చి, వచ్చిండా అని అడిగి పోయింది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. అది నా తప్పు.

దానియేలు చెమటతో వచ్చాడు. పని ఉండె పెద్దమ్మా, అన్నాడు. పాస్టర్‌కు శుక్రవారం మధ్యాహ్నం అంత కదలనివ్వని పని ఏముంటుందని అనుకున్నాను గాని అడగలేదు. బస్తాను స్కూటర్ కాళ్ల దగ్గర పెట్టి, నన్ను వెనక ఎక్కించుకున్నాడు. చిక్కిపోయాడు. ఆ నడుము పట్టుకొని కూర్చున్నప్పుడు, వీడికి బియ్యం ఆపమని ఏ ముఖంతో చెప్పాలి అనిపించింది.

అల్వాల్‌లో మూడో అంతస్తు

ఆ సాయంత్రం అల్వాల్‌లో స్రవంతి ఇంట్లో ప్రార్థన. స్రవంతికి ఇరవై ఏడేళ్లు, భర్త క్యాబ్ నడుపుతాడు. రెండు గదుల్లో పదకొండుమంది ఇరుక్కున్నాం. చెప్పులు మెట్ల మీద మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా ఉన్నాయి. మన సంఘంలో ఎవరి చోటు వాళ్లది. మా మరిది చాప మీద ఇంకొకరు కూర్చుంటే ఆ వారం ప్రసంగం అతనికి ఎక్కదు. ఇక్కడ ఎవరికీ చోటు లేదు, వచ్చినవాళ్లు వచ్చిన చోట కూర్చుంటారు. ప్రార్థన నలభై నిమిషాల్లో అయిపోయింది. ఒకామె డ్యూటీకి పోవాలి, ఒకతని బండి గేటుకు అడ్డం ఉంది. మనం అయితే ఇంకా రెండో పాటలో ఉండేవాళ్లం.

స్రవంతి భర్తది చీరాల వైపు. ఇంట్లో ఆమె కారం, అతని పులుపు కొట్లాడుకుంటాయి. ఆ పూట గోంగూర రొయ్యలు పెట్టారు. రొయ్యలు అతనివి, కారం ఆమెది. మన దగ్గర ప్రార్థన అయ్యాక చాయ్, బొరుగులు ఇచ్చి పంపుతాం. ఇక్కడ అన్నం పెట్టకుండా పంపడం లేదు, ఎందుకంటే సగం మంది గదుల్లో ఒంటరిగా ఉండి వండుకోనివాళ్లు.

వంటగదిలో పొయ్యి పక్కన ఒక డబ్బా కనిపించింది. లోపల బియ్యం. పిడికెడు బియ్యం వీళ్లూ తీస్తున్నారట. నాకు సంతోషమైంది. ఎవరి పేరు పలుకుతావని అడిగాను.

దాని వెనక ఒక కాగితం కథ ఉంది. ఐదేళ్ల కింద మొదటి బస్తా పంపినప్పుడు, బియ్యం ఇచ్చిన ముప్పై ఆరుమంది పేర్లు, వాళ్ల వాళ్ల కష్టాలు పక్కన రాసి బస్తా మూతిలో పెట్టాను. అప్పటికి నా చేతిరాత ఇంకా తిన్నగా నడిచేది కాదు. సుందరమ్మ పేరు పక్కన ఏం రాశానో ఇక్కడ చెప్పను. దానియేలు భార్య గ్రేస్ ఆ కాగితం దాచిపెట్టి, ఇక్కడి ఆడవాళ్లకు తలా ఒకటో రెండో పేర్లు పంచిందట. పిడికెడు వేసేటప్పుడు వాళ్లు మన పేర్లు పలుకుతున్నారు.

"నాది సంతోషమ్మ" అంది స్రవంతి. "ఆమెకు మోకాళ్లు ఎట్లున్నయి పెద్దమ్మా?"

"ఆమె పోయి ఏడాది దాటింది" అన్నాను. నాకు మెత్తగా చెప్పడం రాదు.

ఆ పిల్ల గరిటె పక్కన పెట్టింది. "ఇయ్యాల పొద్దుగాల సుత మోకాళ్లకే ప్రార్థన చేసిన" అని గడప మీద కూర్చుండిపోయింది. చూడని మనిషి కోసం ఏడ్చింది. ఆమె భర్త తొంగిచూసి, నేనేదో కొట్టినట్టు నావైపు చూశాడు. కాసేపయ్యాక, చివరికి నడిచిందా లేదా అని అడిగింది. నడిచింది, ఆఖరి ఆదివారం కూడా గోడ పట్టుకొని ప్రార్థనకు వచ్చింది అన్నాను. అప్పుడు లేచి అన్నం వడ్డించింది.

తప్పు మనది. బస్తాలు పంపాం గాని ఒక్క ఉత్తరం పంపలేదు. సంతోషమ్మ కోడలి పేరు చెప్పి, ఆమెకు నెలలు నిండాయి, ఇక ఆమెను తలుచుకో అన్నాను.

సీతాఫల్‌మండిలో నా వంట

శనివారం పొద్దున గ్రేస్, స్రవంతి, నేను సీతాఫల్‌మండికి పోయాం. అక్కడ స్రవంతి తల్లిగారిల్లు. తల్లి పేరు సరోజమ్మ. ఆమె మన సంఘానికి రాదు. సోమవారం గుడికి పోతుంది, పొద్దున తులసికి నీళ్లు పోస్తుంది. కూతురు యేసును నమ్ముకున్న కొత్తలో రెండేళ్లు మాటలు లేవట. ఇప్పుడు మాత్రం శనివారం శనివారం తన వాకిట్లో సంఘంవాళ్ల గుండిగ ఎక్కించనిస్తుంది. పెద్దాస్పత్రి దగ్గర రోగుల వెంట వచ్చి పడిగాపులు పడేవాళ్లకు వీళ్లు అన్నం వండి తీసుకుపోతారు. ఎందుకు ఒప్పుకున్నావని సరోజమ్మను అడిగాను.

"మా ఆయన గా ఆస్పత్రిల ఇరవై దినాలున్నడక్కా. నాకు అన్నం పెట్టినోళ్లను, మీ దేవుడెవ్వరని నేను అడగలే" అంది. ఆ పెద్దమనిషి బతికి బయటపడ్డాడు. మేం పోయేసరికి బనీనుతో కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

వాకిట్లో ఒక మూలన నిన్న నేను తెచ్చిన బస్తా కనిపించింది. మూతి నేను ఎర్రదారంతో కుట్టిందే. దాని కింద పోయినసారి పంపిన ఖాళీ సంచి మడత పెట్టి ఉంది. ఇది దానియేలు ఇంటికి కదా పంపింది, ఇక్కడికెందుకు వచ్చిందని గ్రేస్‌ను అడిగాను. గ్రేస్ తల దించుకుంది. స్రవంతి నీళ్లు తెస్తానని లోపలికి పోయింది. సరోజమ్మకు నాలాగే దాచడం తెలియదు.

"నీకు ఎరుక లేదా? ఏడాదిన్నరాయె అక్కా, మీ బియ్యమంతా ఆస్పత్రికే. పాస్టర్ సాబ్ స్కూల్ వ్యాన్ నడుపుతడు గదా. ఇంట్లకు కొనుక్కుంటున్నరు."

నాకు మండింది. తండాలో ఇస్సాకు పిల్లలు అంబలి తాగుతున్నారు. వీడికి తిండి లేదనుకొని మేం మూడు బుధవారాలు ఒకరి జుట్టు ఒకరం పట్టుకున్నంత పని చేశాం. గ్రేస్‌ను ఏమీ అనలేదు. ఆ కోపం ఇంకోదాని మీద తీర్చుకున్నాను. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వాకిట్లో మూడు డ్రమ్ములున్నాయి, వాటి మీద సుద్దముక్కతో గీతలు. సంఘంవాళ్లు తెచ్చిన పిడికెడు బియ్యం మూడింట్లో వేరువేరుగా పోసి ఉంది. మన బస్తా నాలుగోది. దేనికది వేరే గిన్నెలో వండుతారట. "దేవుని బియ్యానికి సుత కులాలు పెట్టినరా?" అన్నాను. గ్రేస్ ఏదో చెప్పబోయింది. కోతపండుగకు మూడువందల మందికి వండిన చేతులు ఇవి, నాకు చెప్తావా అన్నాను. పెద్దదాన్ని, అతిథిని. ఆ పిల్లలు ఇంకేం అంటారు? నాలుగింటినీ ఒకటే తొట్టిలో కుమ్మరించి, కడిగి, ఒకటే గుండిగలో ఎసట్లో పోశాను.

అరగంట తర్వాత సరోజమ్మ మూత తీసింది. గరిటె పెట్టి తిప్పింది. "అక్కా, నీ అన్నంల సగం జావ, సగం రాళ్లు" అంది.

మన ఊళ్లో అందరిదీ ఒకే చెరువు కింది పంట, ఒకే మిల్లు. ఎవరి పిడికెడు ఎందులో కలిసినా ఒకేసారి ఉడుకుతుంది. వీళ్ల సంఘంలో మనుషులు నాలుగు దిక్కులనుంచి వచ్చారు. కొందరిది ఏడాది పాత సోనామసూరి, యాప్రాల్ మిలిటరీ కుటుంబం తెచ్చేది పొడుగు బాస్మతి, ఒడిశా నుంచి వచ్చిన వాళ్లది ఉప్పుడు బియ్యం. మనం పంపింది కొత్త బియ్యం, నీళ్లు తగిలితే చాలు మెత్తబడేది. దేని నీళ్లు దానివి, దేని మంట దానిది. ఆ డ్రమ్ములు కులాలు కావు, ఎంతసేపు ఉడకాలో చెప్పే గుర్తులు. ఇది తెలియడానికి ఆ పిల్లలు ఎన్నిసార్లు అన్నం పాడు చేసుకున్నారో. తప్పు నాది అని గ్రేస్‌తో అన్నాను. అది నాకు తేలికగా వచ్చే మాట కాదు.

సరోజమ్మ అప్పటికే కొంగు బిగించింది. మీ దేవుడు ఏమంటాడో గాని, ఈ అన్నం ఇట్లా పోతే నా వాకిటి పరువు పోతుందని, నాలుగు సేర్ల పెసరపప్పు, అల్లం, మిరియాలు, ఇంకో రెండు బకెట్ల నీళ్లు పోయించింది. గంటన్నర మా ఇద్దరికీ చెమటలు. చివరికి అదంతా కిచిడీ అయింది. నేను ఉప్పు చూడబోతే చెయ్యి పట్టుకొని ఆపింది.

ఆస్పత్రి గేటు దగ్గర

పన్నెండున్నరకు పోవాల్సినవాళ్లం రెండుకు పోయాం. అయినా జనం కదల్లేదు. టిఫిన్ మూతలు, నీళ్ల సీసా సగానికి కోసినవి, కవర్లు పట్టుకొని వరస కట్టారు.

నేను అలవాటుగా, ముందు ప్రార్థన చేద్దాం అన్నాను. వద్దని స్రవంతి నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ కరపత్రం ఇవ్వరు, వాళ్లు అడిగితే తప్ప ప్రార్థన చేయరు. దానియేలు పెట్టిన నియమమట. ఆకలితో చెయ్యి చాచినవాణ్ణి, నీకోసం ప్రార్థన చేయనా అంటే కాదనే ధైర్యం వాడికి ఉండదు. కాదనలేనివాడి దగ్గర దేవుని పేరు ఎత్తడం బాగుండదు అంటాడట. ఇది నాకు అక్కడ నచ్చలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే నచ్చింది. ఇద్దరు మాత్రం తినేశాక వెనక్కి వచ్చి తమవాళ్ల పేర్లు రాసి ఇచ్చారు.

నేను వడ్డించాను. నిజామాబాద్ వైపు మనిషి ఒకతను ఒక ముద్ద తిని నావైపు చూశాడు. "అవ్వా, ఇయ్యాల మెత్తగైంది. ఎప్పుడు గిట్లుండదు" అన్నాడు. నేనే వండానని అతనికి తెలియదు. మళ్లీ మూత చాచి, జెర ఇంకింత పెట్టమన్నాడు. పెట్టాను.

పదమూడేళ్ల కింద మా ఆయనను పట్టుకొని నేను గేటు లోపల కనిపించే ఆ వరండాలోనే పదకొండు రోజులున్నాను. పొద్దున ఒక బన్ను, సాయంత్రం ఒక చాయ్. ఆయనకు తెలియకుండా ఆకలిని దాచేదాన్ని. నేను ఆనుకొని కూర్చున్న స్తంభం ఇంకా ఉంది. దాని కింద ఇప్పుడు ఒక పిల్ల కూర్చొని నేను పాడుచేసిన అన్నం వేళ్లు నాకుతూ తింటున్నది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను, పైకి కాదు.

అప్పుడే పసుపు వ్యాన్ ఒకటి వచ్చి ఆగింది. పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపి వచ్చిన దానియేలు అందులోంచి దిగాడు. నన్ను చూశాడు. నేను వ్యాన్‌ను చూడడం చూశాడు.

స్టేషన్ బెంచి

గుండిగను ఆటోలో వేసి ఆడవాళ్లను పంపాక, వాణ్ణి సీతాఫల్‌మండి స్టేషన్‌కు తీసుకుపోయి బెంచి మీద కూర్చోబెట్టాను. మాట్లాడడానికి నీడ అక్కడే ఉంది.

వ్యాన్ నడపడం తప్పు కాదన్నాను. పౌలు అపొస్తలుడు గుడారాలు కుట్టి బతికాడు. తప్పల్లా మాకు చెప్పకపోవడమే. తిండి దొరికిన రోజే, ఇక బియ్యం వద్దు అని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదని అడిగాను. సంఘం సేవ వదిలిపెట్టి డ్రైవర్ అయ్యాడని అనుకుంటామని భయమా?

"అది సుత ఉంది" అన్నాడు. తర్వాత, "బియ్యం కోసం కాదు పెద్దమ్మా. బియ్యం వద్దంటే పేరు సుత పోతది గదా."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అమ్మ పోయినంక, పొద్దుగాల లేచి నా పేరు తలిచేటోళ్లు ఎవరున్నరు? ముప్పై ఆరు పొయ్యిల కాడ నా పేరు వినబడుతదని ఎరుక. వ్యాన్ స్టార్ట్ చేసేటప్పుడు రోజూ గదే అనుకుంట. గీ టైముకు సుందరమ్మ పొయ్యి ముట్టిచ్చి ఉంటది, నా పేరు చెప్పి ఉంటది అని. బస్తా ఇంకొకళ్లకు పోతే ఆ పేరు పలుకుతరు. పలకాలె. మన పద్ధతే అది."

ముప్పై నాలుగేళ్లవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పాస్టర్. రైలు పట్టాల వైపు చూస్తూ చెప్పాడు. నాకు ఓదార్చడం రాదు. ఇస్సాకు సంగతి చెప్పాను. తండాలో ఏడు కుటుంబాలు, అంబలి, రేకుల పందిరి, అన్నీ చెప్పాను. వాడు మొత్తం విన్నాడు. ఊళ్లో ఈ వ్యాన్ సంగతి రాయకు పెద్దమ్మా అన్నాడు. చూసింది రాయడానికే పంపారు బిడ్డా, దాచలేను అన్నాను. ఇద్దరం లేచి నడిచాం. దారిలో నాకు చెరుకురసం ఇప్పించాడు, ఇరవై ఐదు రూపాయలు. మన జాతరలో పదికే ఇస్తారు.

యాప్రాల్‌లో ఆదివారం

సంఘం అంటే గోపురం, గంట అనుకోకండి. కింద అంతస్తులో ఒక షట్టరు. ఒక పక్క రంగుల దుకాణం, ఒక పక్క కూరలమ్మే కర్రీ పాయింట్. ప్రసంగం మధ్యలో తాలింపు వాసన వస్తుంది, పిల్లలు తలలు తిప్పుతారు. డెబ్బైమంది దాకా ఉన్నారు. అందులో తల నెరిసినవాళ్లు నాతో కలిపి నలుగురం. ఇంత చిన్నవాళ్లతో నిండిన సంఘాన్ని నేను చూడలేదు. పెళ్లిళ్లు చాలా చేశారట, పోయినవాళ్లకు భూస్థాపన ఒక్కటి కూడా చేయలేదట.

పాటల పుస్తకం లేదు. గోడ మీద అక్షరాలు వేస్తారు. రెండో చరణం నేను కూడబలుక్కొని చదివేలోపు మూడోది వచ్చేస్తుంది. రెండు పాటలు ఓర్చుకున్నాను. మూడోదానికి, జెర మెల్లగా తిప్పండి, నేను అక్షరాలు నేర్చి పదిహేడేళ్లే అయింది అన్నాను. తిప్పే అమ్మాయి సిగ్గుపడి మెల్లగా తిప్పింది. పక్కన ఒక ఆటో అతను నా చెవిలో, మంచిగైంది అమ్మా, నాక్కూడా అందవు అన్నాడు. అతను ఇన్నాళ్లూ పెదవులు ఆడిస్తున్నాడట. ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఇచ్చారు. మనం ఒకే గిన్నెలో తాగుతాం. నాకు గిన్నే ఇష్టం. కానీ కప్పు పట్టుకున్న చేతులన్నీ ఒకేసారి లేవడం బాగుంది.

ప్రసంగం అయ్యాక దానియేలు నన్ను ముందుకు పిలిచాడు. ఏం చెప్తానో వాడికి తెలుసు. అయినా పిలిచాడు. అది వాడి గొప్పతనం.

నేను ఎక్కువ మాట్లాడలేదు. "మీ పాస్టర్‌కు తిండి ఉంది. దేవునికి స్తోత్రం. మంజీర అవతల ఇస్సాకుకు లేదు. ఇప్పుడు తెచ్చిందే ఆఖరి బస్తా. శనివారం గుండిగ ఇక మీది" అన్నాను.

ఎవరో, రెండు నెలలకు ఒక బస్తా తగ్గుతుంది, ఎట్లా అని అడిగారు. స్రవంతి లేచి, ఇప్పటిదాకా ఒక్క పూటే తీస్తున్నాం, ఇక రెండు పూటలా తీద్దాం అంది. వండుకోని మగపిల్లలు మేమేం చేయాలన్నారు. వండుకోవడం నేర్చుకోండి అన్నాను. అందరూ నవ్వారు గాని నేను నవ్వడానికి అనలేదు. ఒక మిలిటరీ ఆమె మాత్రం బాస్మతి బదులు మామూలు బియ్యం తెస్తానంది. సరోజమ్మ ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను.

చివరి ప్రార్థన దానియేలు చేశాడు. ఇస్సాకు పేరు పెట్టి చేశాడు. తండాను, ఏడు కుటుంబాలను, రేకుల పందిరిని దేవునికి అప్పగించాడు. ఆమెన్ మాత్రం గ్రేస్ చెప్పింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే వచ్చి పక్కన వంగాడు. "రాయి పెద్దమ్మా" అన్నాడు. "వ్యాన్ సంగతి సుత రాయి."

సోమవారం వాడికి స్కూల్ ఉంది. గ్రేస్ బస్సెక్కించింది. సరోజమ్మ తన మనవడితో ఒక డబ్బా మామిడికాయ తొక్కు పంపి, ఒక మాట చెప్పమందట: మీ డ్రమ్ములో నేనూ రోజూ ఒక పిడికెడు వేస్తాను, పేరు మాత్రం ఎవరిది పలకాలో నాకెవరూ చెప్పొద్దు. బస్సు పటాన్‌చెరు దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

బుధవారం సమాజంలో

ఇదంతా చదివి వినిపించాను. చదవడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టింది. బియ్యం వచ్చే నెల నుంచి తండాకే అని తీర్మానమైంది. ఎవరూ కాదనలేదు. తాను చెప్పిందే అయింది కాబట్టి సుందరమ్మ గెలిచినట్టు కూర్చుంటుందనుకున్నాను. ఆమె మాత్రం స్టేషన్ బెంచి దగ్గరి మాటలు ఇంకొకసారి చదవమంది. చదివాను. లేచి, పొయ్యి మీద పాలున్నాయని పోయింది.

మా ఇంటికీ సుందరమ్మ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ, అదీ సగం దాకే. గురువారం పొద్దున నేను ఎసరు పెట్టేసరికి అవతల ఆమె బియ్యం చేట తీసిన చప్పుడైంది. "ఇస్సాకు" అంది. గట్టిగా, అందరికీ వినపడేట్టే అంది. బియ్యం కుండలో పడ్డాయి. నేను పిడికిలి మూసుకొని అట్లనే నిలబడ్డాను.

"దానియేలూ" అంది సుందరమ్మ. "వ్యాన్ మెల్లగ నడుపు బిడ్డా."